అన్నానికి షరతు పెట్టవచ్చునా?

కొంతకాలం కిందట మా కళాశాలలో విద్యార్థులకు ఒక చర్చాగోష్ఠి ఏర్పాటు చేశాము. విషయం: "ప్రభుత్వం ఉచితంగా బియ్యం పంచడం మంచిదా, కాదా?" ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన పిల్లలు, జమ్మలమడుగు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు, పులివెందుల పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్లలు - చాలామందే మాట్లాడారు. బట్టల అంగడి ఉన్న ఇంటి కుర్రవాడొకడు, "ఊరికే బియ్యం ఇస్తే కూలికి ఎవరూ రారు, జనం సోమరులైపోతారు" అన్నాడు. సైన్యంలో అన్న ఉన్న మరొక కుర్రవాడు, "దేశానికి కాపలా లేకపోతే ఆ బియ్యం ఎవరికి మిగులుతుంది? ముందు తుపాకి, తర్వాతే పళ్ళెం" అన్నాడు. ఇద్దరికీ చప్పట్లు పడ్డాయి. చివరకు వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి లేచి ఒక్క ప్రశ్న వేసింది: "ఇచ్చేవాణ్ణి ఎందుకిస్తున్నావని ఎవరూ అడగరు. తీసుకునేవాణ్ణి మాత్రం అందరూ అడుగుతారు. ఎందుకు సార్?"

అధ్యక్షస్థానంలో ఉన్న నేను కాలాతీతమైందని చెప్పి సభ ముగించాను. నిజానికి కాలాతీతం కాలేదు. జవాబు నా దగ్గర లేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీపడిన జవాబు.

జవాబు వెతుక్కుంటూ నేను మొదట వెళ్ళింది గ్రంథాలయానికి కాదు, మా అవ్వ మాటల దగ్గరికి. ఆమెది జమ్మలమడుగు తాలూకాలో పెన్న ఒడ్డు పల్లె. 1952 కరువునాటికి ఆమెకు పన్నెండేళ్ళు. వరసగా వానలు తప్పి, రాయలసీమ పల్లెల్లో మద్రాసు ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచిన కాలమది. తమ్ముణ్ణి చంకనెత్తుకుని, సత్తు చెంబు పట్టుకుని ఆమె రోజూ ఆ వరసలో నిలబడేది. ఆ గంజి రుచి ఎట్లాంటిదో ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెప్పిందల్లా ఇదే: "గంజి సర్కారుదే నాయనా. పోసేటోడు మాత్రం మా ఊరి పెద్దమనిసి. చెంబు ముందుకు పెడితే, 'నువ్వెవరి మనిసివే?' అని అడుగుతాండె. మా నాయన ఆయప్ప పక్షం కాదని తెలిస్తే అడుగున నీళ్ళు పోస్తాండె."

ఆ పెద్దమనిషి పోయాడు. ఆ కరువూ పోయింది. కాని ఆ ప్రశ్న మాత్రం పోలేదు. నువ్వెవరి మనిషివి? పల్లెలో పెద్దమనిషి పేదవాణ్ణి అడుగుతాడు, ప్రభుత్వం ప్రజలను అడుగుతుంది, బలమైన దేశం బలహీనమైన దేశాన్ని అడుగుతుంది. గరిటె ఎవరి చేతిలో ఉంటే వారు అడుగుతారు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టేటప్పుడు ఈ ప్రశ్న అడిగే హక్కు పెట్టేవాడికి ఉన్నదా? ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన నైతిక ప్రశ్న ఇది. ఇది ఒక్క దానధర్మాల ప్రశ్నే కాదు, యుద్ధానికీ శాంతికీ గూడా సంబంధించిన ప్రశ్న అని నా అభిప్రాయం. చట్టసభలో కూర్చున్నవారు ఆహార సహాయానికి డబ్బు కేటాయించడం ఒక పని, ఇరుగుపొరుగు దేశాలతో శాంతియుతంగా మెలగడం మరొక పని అని మనం అనుకుంటాము. చరిత్ర చూస్తే రెండూ ఒకే పని.

ముందు మన జిల్లా చరిత్రే చూద్దాం. మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన కడప, బళ్ళారి ప్రాంతాలను నిజాము 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. కంపెనీవారేమీ యుద్ధం చేసి గెలుచుకోలేదు. తన రక్షణకని నిజాము ఉంచుకున్న కంపెనీ పటాలాల ఖర్చు కింద వీటిని రాసియిచ్చాడు. అంటే నేలనూ, నేలమీది రైతునూ, రైతు కట్టే శిస్తునూ కలిపి సైన్యం జీతానికి జమకట్టాడన్నమాట. దత్తమండలాలన్న పేరు అట్లా వచ్చింది. 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అన్న పేరు పెట్టుకునేవరకూ మనం ఆ పేరే మోశాము. సైన్యం పద్దూ అన్నం పద్దూ ఒకే పుస్తకంలో ఉంటాయనడానికి వేరే సాక్ష్యం వెతకనక్కరలేదు. మనమే ఆ పుస్తకంలో ఒక పద్దు.

తర్వాత ముప్పాతిక శతాబ్దానికి ధాత కరువు వచ్చింది. 1876లో మొదలై 1878 దాకా దక్షిణదేశాన్ని పీల్చి పిప్పిచేసిన కరువు అది. బ్రిటిషు పాలనలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకు మించి ప్రాణాలు పోయాయని తర్వాతి లెక్కలు తేల్చాయి. జనం ఇట్లా రాలిపోతూ ఉండగానే 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ దర్బారు చేశాడు. ఆ నెలలోనే కరువు పనులమీద ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు. రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని టెంపుల్ నిర్ణయించాడు. పౌనంటే అరకిలోకు తక్కువ. ఈ తిండితో కష్టం చేసే మనిషి బతకలేడని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు గాని, ఆ కొన్ని నెలలలో పోయినవారు తిరిగిరాలేదు. అన్ని రోజులూ రేవుల నుంచి ధాన్యం ఓడలకెక్కుతూనే ఉన్నది.

కరువు తర్వాత ప్రభుత్వం ఒక మంచిపని తలపెట్టింది. ముందు రాబోయే కరువులకని ఏటా కోటిన్నర రూపాయల నిధి ఏర్పాటు చేస్తామని, అందుకని వర్తకుల మీదా భూమి మీదా కొత్త పన్నులు వేసింది. ఈ డబ్బు మరో పనికి వాడబోమని మాట గూడా ఇచ్చింది. 1878 నవంబరులో ఆఫ్ఘన్ యుద్ధం మొదలైంది. యుద్ధవ్యయం మీదపడగానే ఆ మాట నీటిమీద రాత అయింది. పన్ను మాత్రం నిలిచింది. కరువు నిధికని మన ముత్తాతలు కట్టిన పన్ను, మనకు ఏనాడూ ఏ కీడూ చేయని ఆఫ్ఘన్ల మీదికి తుపాకిమందై పోయింది.

ఇంకొక విషయం ఇక్కడ గమనించాలి. కరువు కారణాలను విచారించిన 1880 నాటి కమిషన్ ఒక భయం వెలిబుచ్చింది. కరువుకాలంలో సహాయం అడిగే హక్కు పేదలకు ఉన్నదని ఒప్పుకుంటే, రేపు అన్ని కాలాలలోనూ ఉన్నదని ఒప్పుకోవలసివస్తుందన్నదే ఆ భయం. ఎంత నిజాయితీగా భయపడ్డారో చూడండి! అన్నం పెట్టడానికి వారికి అభ్యంతరం లేదు. హక్కుగా పెట్టడానికే అభ్యంతరం. పెట్టిన అన్నం దయగా ఉన్నంతకాలం, "నువ్వెవరి మనిషివి?" అని అడగవచ్చు. హక్కు అయిన మరుక్షణం ఆ ప్రశ్న చెల్లదు. మా కళాశాలలో అమ్మాయి అడిగిన ప్రశ్నకు సగం జవాబు నాకు ఈ కమిషన్ భయంలో దొరికింది.

దయకు నేను వ్యతిరేకిని కాను. 1866 డొక్కల కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన మీద పాటలు కట్టి మన సీమ జనం ఈనాటికీ పాడుకుంటున్నారు. పాడుకోవలసిందే. అటువంటివాడు "నువ్వెవరి మనిషివి?" అని అడగలేదు కాబట్టే పాట నిలిచింది. కాని ఒక తాలూకాకు ఒక వెంగళరెడ్డి దొరకడం అదృష్టం. దొరకని తాలూకాల సంగతేమిటి? అక్కడ చచ్చినవాళ్ళ మీద పాటలు లేవు. కోట్లాది ప్రజల భోజనం ఒక పుణ్యాత్ముడు పుట్టడం మీద ఆధారపడరాదు. అందుకే శాసనం కావాలి.

అయితే శాసనకర్తలు పెట్టే అన్నానికి షరతులుండవా? ఉంటాయి. 1950లో మన దేశంలో ధాన్యం కొరత తీవ్రమైనప్పుడు మన ప్రభుత్వం అమెరికాను ఇరవై లక్షల టన్నుల ధాన్యం అడిగింది. 1951 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రూమన్ దానిని వారి కాంగ్రెసు ముందు పెట్టాడు. బిల్లు మీద సంతకం పడేసరికి జూన్ 15 అయింది. ఈ నాలుగు నెలలూ ఆ సభలో సాగిన చర్చలో భారతదేశంలో ఆకలి ఎంత ఉన్నదన్నది ఒక్కటే విషయం కాదు. కొరియా యుద్ధంలో నెహ్రూ మా పక్షం ఎందుకు లేడన్నది మరొక విషయం. అణుశక్తికి పనికివచ్చే మోనజైటు ఇసుకను భారతదేశం మాకు ఎందుకు అమ్మదన్నది ఇంకొక విషయం. గోధుమలకూ కొరియాకూ సంబంధమేమిటి? చంకలో తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్లకూ ఊరి పక్షాలకూ ఉన్న సంబంధమే! రాజకీయ షరతులతో కూడిన సహాయం మాకు అక్కరలేదని నెహ్రూ బహిరంగంగా చెప్పవలసివచ్చింది. చివరకు 19 కోట్ల డాలర్ల అప్పు రూపంలో ధాన్యం వచ్చింది. వచ్చిన ధాన్యం ప్రాణాలు నిలిపింది. ఆ మేలును మనం మరువరాదు. ఆ సభలోనే ఆకలికి రాజకీయాలు ముడిపెట్టవద్దని వాదించినవారూ ఉన్నారు. వారినీ మరువరాదు.

1954లో అమెరికా మిగులు ధాన్యాన్ని విదేశాలకిచ్చే చట్టం చేసింది. పి.ఎల్.480 అన్న పేరుతో అది మన తాతలకు బాగా పరిచయం. తర్వాత దానికి 'శాంతికోసం ఆహారం' అన్న పేరు గూడా వచ్చింది. పేరు ఎంతో ఇంపైనది. కాని 1965, 1966లలో వరసగా రెండేళ్ళు వానలు తప్పి, ఓడ దిగిన గోధుమ గిడ్డంగి చూడకుండానే కడుపులకు చేరే స్థితి మనకు వచ్చినప్పుడు, అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందం చేసుకోకుండా కొద్దినెలలకు సరిపడా మాత్రమే విడుదలచేస్తూ తాడు తన చేతిలోనే ఉంచుకున్నాడు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఒక షరతు. వియత్నాం యుద్ధాన్ని మనం విమర్శించడం ఆయనకు గిట్టలేదన్నదీ దాచినా దాగని నిజం. ఉత్తర వియత్నాం మీద బాంబులు ఆపమని మనం అడిగితే, మన పళ్ళెంలో గోధుమ వంక చూసి మాట్లాడమన్నారు.

ఈ తప్పు ఒక శిబిరానిదే అనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే. 1932-33లో సోవియట్ ప్రభుత్వం ఉక్రెయిన్ పల్లెల నుంచి ధాన్యాన్ని బలవంతంగా లాక్కుపోయి లక్షలాది రైతులను ఆకలిచావులకు అప్పగించింది. అభ్యుదయాన్ని కోరే మన పెద్దలు చాలాకాలం దీనిని గురించి మాట్లాడలేదు. మౌనం గూడా ఒక పక్షమే. గరిటె పట్టిన చేతి రంగునుబట్టి మన తీర్పు మారితే, మనమూ ఆ పెద్దమనిషి వరసలో నిలబడి "నువ్వెవరి మనిషివి?" అని అడుగుతున్నట్టే లెక్క.

ఇక తుపాకి ముందా, పళ్ళెం ముందా అన్న ప్రశ్నకు వద్దాం. ఆ కుర్రవాడి అన్న ఏ మంచుకొండ మీదనో కాపలా కాస్తున్నాడు. అతనిని తక్కువచేసి మాట్లాడే అర్హత తరగతి గదిలో ఫంకా కింద నిలబడే నాకు లేదు. సరిహద్దు లేని దేశం గాదె లేని ఇల్లు వంటిదే. కాని అతను మరచిన సంగతి ఒకటి ఉన్నది. 1965లో తుపాకినీ నాగలినీ ఒకే నినాదంలో కలిపి 'జై జవాన్, జై కిసాన్' అన్న లాల్‌బహదూర్ శాస్త్రి, యుద్ధం ఆగిన తర్వాత తాష్కెంటు వెళ్ళి 1966 జనవరి 10న పాకిస్తానుతో శాంతి ఒప్పందం మీద సంతకం చేశాడు. మరునాటి తెల్లవారుజామున అక్కడే కన్నుమూశాడు. వారానికొక పూట భోజనం మానమని ప్రజలను అడిగిన ప్రధానమంత్రి ఆయనే. ఆకలి ఎంత దూరాన ఉన్నదో తెలిసినవాడు కాబట్టే యుద్ధాన్ని ఒక్కరోజు గూడా సాగదీయలేదు. జవానును గౌరవించడమంటే అతనిని యుద్ధానికి పంపడం కాదు, పంపవలసిన అవసరం రాకుండా చూడడం. ఆ పని చేయవలసింది రాయబారి, ఆ రాయబారికి బలమివ్వవలసింది చట్టసభ.

లెక్క గూడా చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెటులో రక్షణకు 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. ఆహార సబ్సిడీకి 2 లక్షల 3 వేల కోట్లు. మొదటిదానిలో సైనికుల జీతాలు, పింఛన్లు గూడా ఉన్నాయి కాబట్టి అదంతా మందుగుండు అనడం అన్యాయం. నేను అడిగేది వేరు. మొదటి అంకె పెరిగినప్పుడు దేశం బలపడిందంటాము. రెండవ అంకె పెరిగినప్పుడు దేశం దివాలా తీస్తున్నదంటాము. ఒకే ఖజానాలో నుంచి పోయే రెండు రూపాయలలో ఒకటి పౌరుషమూ మరొకటి దుబారా ఎట్లా అయినవి?

సోమరితనం మాట గూడా టెంపుల్ దొర కాలంనాటి పాతమాటే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు ఈ మాటే విన్నాము. మధ్యలో ధర పెరిగి, పులివెందుల శాసనసభ్యుడైన రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 2008లో మళ్ళీ రెండు రూపాయలైనప్పుడు గూడా ఈ మాటే. ప్రొద్దుటూరులో గుంతమగ్గం మీద కూర్చునే చేనేత మనిషిని చూసినవాడెవడూ ఆ మాట అనలేడు. నూలు రాని వారంలో మగ్గం ఆగిపోతుంది, మనిషి సోమరి అయినందువల్ల కాదు. ఆ వారం ఇంట్లో బియ్యం ఉంటే, షావుకారు చెప్పిన కూలికి తల ఊపకుండా "ఇంకొక పది రూపాయలు వేయండి" అని అడగగలుగుతాడు. నిజానికి కొందరికి నచ్చనిది అతని సోమరితనం కాదు, అతను బేరమాడడం.

2013లో మన పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టం చేసింది. ఆగస్టు 26న లోకసభ, సెప్టెంబరు 2న రాజ్యసభ ఆమోదించాయి. పల్లెల్లో నూటికి 75 మందికి, పట్టణాల్లో 50 మందికి మించకుండా నెలకు మనిషికి 5 కిలోల ధాన్యం హక్కుగా ఇవ్వాలన్నది ఆ చట్టం. 2023 నుంచి ఆ ధాన్యం ఉచితమైంది. 1880 నాటి కమిషన్ దేనికి భయపడిందో, 133 సంవత్సరాల తర్వాత మన శాసనకర్తలు దానినే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. నా దృష్టిలో స్వతంత్ర భారతం చేసిన గొప్ప చట్టాలలో ఇది ఒకటి.

కాని ఈ హక్కును మళ్ళీ దయగా మార్చే ప్రయత్నం ప్రతిరోజూ జరుగుతూనే ఉన్నది. కార్డు మీద, సంచి మీద నాయకుల బొమ్మలు మారుతుంటాయి. ఎన్నికల సభలో "మేము పెట్టిన బియ్యం తిని మాకు ఓటు వేయరా?" అంటారు. మా వీధిలో ఒక ముసలమ్మ ఉన్నది. ఏళ్ళతరబడి కలుపు తీసి, వేరుశనగ కాయలు ఒలిచి ఆమె వేళ్ళు అరిగిపోయాయి. చౌకదుకాణంలో వేలిముద్ర మిషను ఆమెను గుర్తుపట్టలేదు. మూడుసార్లు తిరిగింది. "ఈ మిషను గూడా నేనెవరి మనిసినో అడుగుతాండాది నాయనా" అన్నది. దొంగకార్డులు పట్టుకోవడానికి మిషను కావాలంటే కావచ్చు. ధాన్యం ఆకలిగొన్నవాడికే చేరాలన్న షరతు న్యాయమైనదే. కాని పెట్టేవాడికి లొంగి ఉండాలన్న షరతు అన్యాయం. మొదటిది అన్నాన్ని కాపాడుతుంది, రెండవది మనిషిని కొంటుంది. శాసనకర్తకు తెలియవలసిన తేడా ఇదే.

ఈ రెండవ షరతుకూ యుద్ధానికీ సంబంధమేమిటో ఇప్పుడు చెప్పాలి. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల ముఠాకక్షలను గురించి బయటివారు ఎన్నో కథలు చెబుతారు. మన నెత్తురు వేడి అంటారు. అది అబద్ధం. కరువుకాలంలో గింజలిచ్చి, కూతురి పెండ్లికి అప్పిచ్చి, పోలీసు కేసులో జామీను నిలిచిన ఇంటివాడు ఒకనాటి రాత్రి "రా" అంటే ఎట్లా రానంటాడు? ఉప్పు తిన్నాడు గదా! పోకపోతే తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినవాడని పేరు. కొడవలి పట్టిన చేతికి పగ ఉన్నదో లేదో గాని, ఆ చేతిమీద బాకీ మాత్రం ఉన్నది. కక్ష పెద్దవాళ్ళది, ప్రాణం ఉప్పు తిన్నవాడిది.

భారతంలో భీష్ముడి స్థితి గూడా ఇంతే. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు రాయబారం వచ్చినప్పుడు ఆ సభలో ధర్మం తెలియనివారెవరు? భీష్ముడికి తెలుసు, ద్రోణుడికి తెలుసు. పాండవులు అడిగింది అయిదూళ్ళు. ఈ పెద్దలు హితవు చెప్పారు, చెప్పి ఊరుకున్నారు. యుద్ధం మొదలుకాబోయే ముందు ధర్మరాజు వెళ్ళి నమస్కరిస్తే, కౌరవుల సొమ్ముకు కట్టుబడిపోయానని భీష్ముడే ఒప్పుకున్నాడు. తెలుగులో తిక్కన చేత ఆ సభను చదివినప్పుడల్లా నాకు దుర్యోధనుడి మీదికంటె, తెలిసి ఆపలేకపోయిన పెద్దల మీద ఎక్కువ బాధ కలుగుతుంది. అంత మహావీరుడి నోరు కట్టినది ఆయుధం కాదు, అన్నం. షరతుతో తిన్న అన్నం.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. యుద్ధం వద్దని చెప్పాలంటే నోరు స్వేచ్ఛగా ఉండాలి. నోరు స్వేచ్ఛగా ఉండాలంటే అందులోకి పోయే ముద్ద ఎవరికీ బాకీ కాకూడదు. పల్లెలో పేదవాడికి ఇది ఎంత నిజమో, ప్రపంచంలో పేదదేశానికి గూడా అంతే నిజం. 1951లో మన నోరు మనదిగా ఉంచుకోవడానికి ఎంత పెనుగులాడామో చూశాము. అందుచేత ఆకలిగొన్నవారికి హక్కుగా అన్నం పెట్టే చట్టానికి ఓటు వేసిన సభ్యుడు, తనకు తెలియకపోయినా, శాంతికి గూడా ఓటు వేస్తున్నాడు. ఆ చట్టానికి కోత వేసినవాడు, తనకు ఇష్టం లేకపోయినా, రేపటి యుద్ధానికి మనుషులను చవకగా తయారుచేస్తున్నాడు.

తిరగవేసి చూసినా ఇదే నిజం. శాంతి లేకపోతే చట్టంలోని అన్నం పళ్ళెంలోకి రాదు. మన ఆహార చట్టం చేసిన మూడు నెలలకే, 2013 డిసెంబరులో, బాలిలో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశం జరిగింది. మద్దతుధర ఇచ్చి ధాన్యం కొని నిలవచేస్తే అది హద్దు మీరిన సబ్సిడీ కావచ్చునని అక్కడి నియమాలు. మనవారు పట్టుబట్టి, అటువంటి నిలవల మీద తగాదాకు పోరాదన్న ఏర్పాటు సాధించుకున్నారు. ఆ ఏర్పాటును అందరూ 'శాంతి నిబంధన' అనే పిలుస్తారు. ఢిల్లీలో ఓట్లతో చేసిన చట్టాన్ని బాలిలో మాటలతో నిలబెట్టుకోవలసివచ్చింది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తినప్పుడు ప్రొద్దుటూరు అంగళ్ళలో పొద్దుతిరుగుడు నూనె ధర ఎక్కింది. ఆ యుద్ధంలో మన పక్షమేదో తెలియని ఇల్లాలు గూడా తాలింపులో నూనె తగ్గించింది. ఆ జులైలో ఇస్తాంబుల్‌లో, ఐక్యరాజ్యసమితి, టర్కీ మధ్యవర్తిత్వంతో, పోరాడుతున్న రెండు దేశాలూ ధాన్యం ఓడలకు దారి ఇచ్చాయి. తుపాకులు ఆగకపోయినా ఓడలు కదిలాయి. దాదాపు ఏడాదికి, 2023 జులై 17న ఆ ఒప్పందం చెడింది. అది చెడిన మూడురోజులకు మన ప్రభుత్వం సాధారణ తెల్లబియ్యం ఎగుమతి నిషేధించింది. మన ఇంటి ధరలకు అది మేలే కావచ్చు. కాని మన బియ్యం మీద ఆధారపడ్డ ఆఫ్రికా దేశాల ఇల్లాలికి అది ఎట్లా కనిపించి ఉంటుంది? ఇప్పుడు గరిటె మన చేతిలో గూడా ఉన్నది. పెద్దమనిషి పాత్ర మనకూ వచ్చింది.

ఆ పాత్రను మనం బాగా పోషించిన ఒక సందర్భం చెప్పి ముగిస్తాను. 2021లో ఆఫ్ఘనిస్తానులో ప్రభుత్వం మారింది. కొత్త పాలకులను మన దేశం గుర్తించలేదు. అయినా అక్కడి ప్రజలకు యాభైవేల టన్నుల గోధుమలు ఇస్తామన్నది. దారి పాకిస్తాను గుండా ఉన్నది. ఆ దేశంతో మన సంబంధాలు ఎట్లా ఉన్నాయో అందరికీ తెలుసు. నెలల తరబడి మాటలు జరిగాయి. పాకిస్తాను ఒప్పుకున్నది. 2022 ఫిబ్రవరి 22న అట్టారీ సరిహద్దు దాటి గోధుమ లారీలు కదిలాయి. ఎవరూ ఎవరినీ గుర్తించకుండానే, ఎవరి పక్షాన్నీ ఎవరూ మార్చకుండానే, ధాన్యం వెళ్ళింది. 1878లో కరువు పన్ను తుపాకై పోయిన దేశానికే మన గోధుమ గోధుమగానే వెళ్ళింది. రెండు ప్రయాణాల మధ్య 144 సంవత్సరాలు. ఆ బాకీలో ఒక చిన్న కంతు తీరిందని నాకనిపించింది.

ఈ పని చేయడానికి గొప్ప దానగుణం అక్కరలేదు. "నువ్వెవరి మనిషివి?" అని అడగకుండా ఉండగలిగితే చాలు. అది సులభమైన పని కాదు. పెట్టేవాడికి ఆ ప్రశ్న నాలుక చివరనే ఉంటుంది. దానిని ఆపేది మంచితనం కాదు, చట్టం. చట్టాన్ని ఆపకుండా నడిపించేది ఆ చట్టసభ బయట నిలబడి అడిగే మనం.

మా కళాశాలలో ఆ అమ్మాయి చదువు పూర్తిచేసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడ ఉన్నదో తెలియదు. ఈ పత్రిక ఆమె చేతికి చేరితే, నా జవాబు ఇంతే అమ్మా: తీసుకునేవాణ్ణి మాత్రమే అడగడం మనకు అలవాటైపోయింది. ఎందుకంటే గరిటె పట్టినవాణ్ణి అడగాలంటే ముందు చెంబు కింద పెట్టగలగాలి. మా అవ్వ పన్నెండేళ్ళ వయసులో అది పెట్టలేకపోయింది. చంకలో తమ్ముడున్నాడు.